సరస్సు చెంతనున్న పచ్చిక

దేవుడు మొదటి మనుష్యుని ఏదెను తోటలో ఉంచినది సేద్యము చేయుటకు మాత్రమే కాదు, దానిని కాచుటకును అని ఆదికాండము రెండవ అధ్యాయము తెలుపుచున్నది. ఆ కాచుట యను పనిని తలంచినప్పుడెల్ల మాకు జాన్ మ్యూర్ జ్ఞాపకమునకు వచ్చును.

అతడు 1838లో స్కాట్లండులోని డన్బార్ అను సముద్రతీర పట్టణమందు జన్మించెను. తండ్రి భక్తిపరుడే గాని మిక్కిలి కఠినుడు. దినదినము లేఖనములు కంఠస్థము చేయవలెను; తప్పినచో దెబ్బలు. ఈలాగున ఆ బాలునికి క్రొత్త నిబంధన యంతయు, పాత నిబంధనలో చాల భాగమును నోటికి వచ్చెను. దెబ్బలతో నేర్పిన వాక్యము హృదయమును చేరునా యని మాకు సందేహమే.

1849లో ఆ కుటుంబము అమెరికాకు వలసపోయి, విస్కాన్సిన్‌లో ఒక చిన్న సరస్సు ప్రక్కను కాపురముండెను. సరస్సు చుట్టు పచ్చిక, కలువలు, పక్షులు. బాలుడు నాగలి పట్టి చాకిరి చేయుచునే వాటిని చూచి ఆనందించెను. తరువాత మరియొక పొలములో తండ్రి అతనిచేత నూయి త్రవ్వించెను. సుత్తియు ఉలియు పట్టి ఇసుకరాతిని చెక్కుచు 80 అడుగులు దిగినప్పుడు, విషవాయువు కమ్మి స్పృహ తప్పసాగెను. తల యెత్తగా నూతి మీదికి వంగిన ఓక్ చెట్టు కొమ్మ కనబడెను. దానితో తెలివి తెచ్చుకొని కేక వేయగా పైకి లాగిరి. ఒకటి రెండు దినములు గడచిన పిమ్మట మరల ఆ నూతిలోనికే దింపిరి!

యౌవనమందు అతడు ఆ సరస్సు పచ్చిక 40 ఎకరములు తనకమ్మి, పశువులు త్రొక్కకుండ కంచె కాపాడుమని బావను వేడుకొనెను. ఆ పువ్వుల నిమిత్తమే ఇట్లడిగెను. బావ ఒప్పుకొనలేదు.

1867లో ఒక కర్మాగారములో కంటికి దెబ్బతగిలి కొన్ని వారములు చీకటిలో పడియుండెను. చూపు తిరిగి రాగానే ఫ్లోరిడా వరకు కాలినడకను పోయెను. సృష్టియంతయు నరుని కొరకే అను తలంపు గర్వమనియు, ప్రతి ప్రాణిని దేవుడు దాని సంతోషము కొరకు చేసెననియు అప్పుడే వ్రాసికొనెను. మరుసటి యేట కాలిఫోర్నియా చేరెను. అతని వ్రాతల బలముచేత 1890లో యోసెమిటీ జాతీయ వనమాయెను. 1892లో సియెరా క్లబ్ స్థాపితమాయెను. అయితే ఆ లోయ ఆదివాసులను గూర్చి అతడు వ్రాసిన కొన్ని మాటలు కఠినమైనవి. వాటిని దాచుట మాకిష్టము లేదు.

హెచ్ హెచీ లోయను ఆనకట్టకు అప్పగించుచు 1913లో చట్టమాయెను. ఎన్నో యేండ్లు పోరాడి ఓడిన మ్యూర్, 1914 డిసెంబరు 24న కన్నుమూసెను. విస్కాన్సిన్‌లోని ఆ సరస్సు చెంతనున్న స్థలమును 1957లో అక్కడి కౌంటీవారు అతని పేరిట ఉద్యానవనముగా చేసిరి.