ఇమామె ఆజం అబూ హనీఫా (రహ్మ.) వారి దుకాణం

మన ప్రాంతపు ముస్లిములలో చాలామందిమి హనఫీ మజ్‌హబ్ వారము. వుజూ, నమాజు, రోజా మసాయెల్ వచ్చినప్పుడల్లా ఇమామె ఆజం వారి పేరు వింటూనే ఉంటాము. కాని ఆయన కూఫా బజారులో బట్టల దుకాణం నడిపిన పెద్ద వర్తకుడని, పెట్టుబడి, లాభనష్టాలు, భాగస్వామ్యం అంటే ఏమిటో పుస్తకాలలోనే గాక గల్లాపెట్టె దగ్గర కూడా తెలుసుకున్నారని చెప్పేవారు తక్కువ. సొసైటీ పెద్దలు ఈ సంచికకు ఏదైనా వ్రాయమన్నప్పుడు మేము ఈ సంగతినే ఎన్నుకున్నాము.

ఆయన అసలు పేరు నోమాన్, తండ్రి పేరు సాబిత్. హిజ్రీ 80లో, అంటే క్రీ.శ. 699లో, ఇరాక్‌లోని కూఫా నగరంలో జన్మించారు. తాతగారు కాబూల్ వైపు నుండి వచ్చినవారంటారు. పట్టు, ఉన్ని కలిపి నేసే ‘ఖజ్’ అనే ఖరీదైన బట్ట వ్యాపారం వారిది. పడుచుతనంలో బజారుకు పోతూ ఉండగా ఇమాం షాబీ గారు పిలిచి, నీలో తెలివి కనిపిస్తున్నది, ఉలమాల దగ్గర కూర్చోరాదా అని హితవు చెప్పారట. ఆ మాట మనసుకు పట్టింది. తరువాత హమ్మాద్ గారి శిష్యరికంలో 18 ఏళ్ళు గడిపారు. అయినా దుకాణం మూయలేదు. ఇది గమనించవలసిన విషయం. చదువు కోసం రాజుల చేతి డబ్బు పుచ్చుకోవలసిన అవసరం ఆయనకు రాకపోవడానికి ఆ దుకాణమే కారణం.

ఆయన బేరం తీరు గురించి చరిత్రకారులు ఒక సంగతి వ్రాశారు. ఒక స్త్రీ పట్టు వస్త్రం తెచ్చి నూరు దిర్హములకు అమ్ముతానన్నది. ఇది అంతకంటే ఎక్కువ చేస్తుంది అన్నారు ఇమాంగారు. ఆమె వంద వంద చొప్పున పెంచుతూ నాలుగు వందల దాకా వచ్చి, నాతో వేళాకోళమా అని కోపగించింది. అప్పుడు ధర తెలిసిన మనిషిని పిలిపించి, చివరికి 500 దిర్హములిచ్చి కొన్నారు. కొనేవాడు తనంతట తానే ధర పెంచడం మన బజారులో ఎవరైనా చూశారా!

ఇక భాగస్వామి హఫ్స్ గారి సంగతి. ఇమాంగారు ఆయనతో సరుకు పంపుతూ, ఫలానా బట్టలో లోపం ఉన్నది, కొనేవారికి చెప్పి అమ్మాలి సుమా అని చెప్పి పంపారు. హఫ్స్ గారు అమ్మే తొందరలో చెప్పడం మరచారు. కొన్నవాడెవరో తెలియలేదు. తెలిస్తే వెనక్కి ఇవ్వవచ్చు, తెలియకపోతే ఏం చేయాలి? ఆ ఒక్క బట్ట వెల కాదు, ఆ సరుకు మొత్తం మీద వచ్చిన సొమ్మునంతా ఖైరాత్ చేసేశారు. అది 30,000 దిర్హములని కొన్ని గ్రంథాలు చెబుతున్నవి. లోపమున్న బట్ట వెల ఏ నాణేలలో కలిసిపోయిందో వేరు చేయలేము గదా, అందుకని.

లాభం విషయంలోనూ ఆయనకొక పద్ధతి ఉండేది. ఏడాది పొడుగునా వచ్చిన మునాఫా కూడబెట్టి, దానితో కూఫాలోని ఉలమాలకు, హదీసు పండితులకు తిండి, బట్ట కొనిపెట్టి, మిగిలిన నగదు కూడా వారికే ఇచ్చేవారు. నాకు షుక్రియా చెప్పవద్దు, ఇది అల్లాహ్ మీ కోసం నా చేతి మీదుగా ఇప్పించినది అనేవారట. తనకంటూ 4,000 దిర్హములకు మించి ఉంచుకునేవారు కారు. శిష్యుడు అబూ యూసుఫ్ పేదింటి పిల్లవాడు. చదువు మాని కూలికి పోవలసిన స్థితిలో ఉండగా ఇమాంగారే ఖర్చు భరించారు. ఆ పిల్లవాడే తరువాత హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయి, రాజ్యపు రాబడి గురించి ‘కితాబుల్ ఖరాజ్’ వ్రాశారు. ఒక్క స్కాలర్‌షిప్ ఎంత పని చేసిందో చూడండి.

ముజారబత్ అనే ఏర్పాటు, అంటే ఒకరి సొమ్ము, మరొకరి శ్రమ, హనఫీ ఫిఖ్హ్‌లో చాలా విపులంగా ఉన్నది. ఈనాటి కంపెనీల వారు మూలధనం అనీ, మేనేజ్‌మెంట్ అనీ చెప్పే వ్యవహారమే చాలా మటుకు ఇందులో ఉన్నది. మూలధనం ఎంతో ముందే తేలాలి. లాభాన్ని సగమనో, మూడో వంతనో పాలుగా చెప్పుకోవాలి. నష్టం వస్తే సొమ్ము పెట్టినవాడిది, పని చేసినవాడికి శ్రమ పోతుంది. అయితే షరతు మీరి ఖర్చు పెడితే వాడే కట్టుకోవాలి. అసలు తిరిగి నిండిన తరువాతనే లాభం లెక్కకు వస్తుంది. అంతకు ముందు పంచుకున్నా అది ఖాయం కాదు. ఊళ్ళో ఉన్నప్పుడు పనివాడి తిండి ఖర్చు అతనిదే, సరుకుతో పైఊరు పోయినప్పుడు మాత్రం వ్యాపారపు సొమ్ములోంచి. ఎంత బారీకుగా ఆలోచించారో!

పాలు కాకుండా నెలకు ఇన్ని రూపాయలు ఖాయంగా ఇస్తాను అంటే ఆ ఒప్పందం చెల్లదు. ఎందుకంటే వ్యాపారంలో ఆ మాత్రమే లాభం వస్తే అంతా ఒకరికే పోయి, రెండవవారికి ఏమీ మిగలదు. అది భాగస్వామ్యం ఎలా అవుతుంది? ఇది మేము ఎందుకు ఇంత నొక్కి చెబుతున్నామంటే, వడ్డీ లేని హలాల్ వ్యాపారమని పేరు చెప్పి, పది వేలకు నెలకు ఇంత ఖాయమని ఆశ చూపించి సొమ్ము పోగుచేసిన వారి చేతుల్లో మన ఇళ్ళవారు ఆడపిల్లల పెళ్ళి డబ్బులు కూడా పోగొట్టుకున్నారు. లెక్క చూపించమని అడిగినవారు తక్కువ. అడిగితే దీన్ మీద నమ్మకం లేదా అని గద్దించేవారట. హిసాబు అడగడం తప్పు అని ఇమాంగారి మజ్‌హబ్‌లో ఎక్కడున్నదో మాకు ఎవరైనా చూపించాలి.

ఈ మసాయెల్‌ను గ్రంథస్థం చేసిన వారిలో ముఖ్యులు శిష్యుడు ఇమాం ముహమ్మద్. వారి ‘కితాబుల్ అస్ల్’ను సరిచూసి అచ్చు వేయించినది మన హైదరాబాదులోనే, మౌలానా అబుల్ వఫా అఫ్ఘానీ గారు. ఉర్దూలో షిబ్లీ నోమానీ వ్రాసిన ‘సీరతున్ నోమాన్’ కూడా ఉన్నది. మన పిల్లలు చదవదగినది.

ఖాజీ పదవి ఇస్తామని పాలకులు రెండుసార్లు పట్టుపట్టారు. ఉమయ్యాల గవర్నరు కొరడాలతో కొట్టించాడు. తరువాత ఖలీఫా మన్సూర్ బలవంతం చేశాడు. అప్పుడూ ఒప్పుకోలేదు. హిజ్రీ 145, అంటే 762లో బగ్దాదు కట్టేటప్పుడు, ఖలీఫా పట్టిన ఒట్టు చెల్లడం కోసం ఇటుకల లెక్క చూసే పనికి మాత్రం ఒప్పుకున్నారని తబరీ వ్రాశాడు. ఒక్కొక్క ఇటుక లెక్కపెట్టకుండా, వెదురు వంటి బద్దతో గుట్టను కొలిచి లెక్క తేల్చే పద్ధతి ఆయనదేనంటారు. చివరకు హిజ్రీ 150లో (767) బగ్దాదులో ఖైదులోనే కన్నుమూశారు. ఖైజురాన్ ఖబరస్తాన్‌లో దఫన్ చేశారు.

ఆయన దగ్గర జనం దాచుకున్న అమానత్‌లు చాలా మిగిలాయి. బంగారం, వెండి. సొంతదారులలో కొందరు ఊరిలో లేరు, కొందరు యతీములు. కుమారుడు హమ్మాద్ వాటిని ఖాజీ వద్దకు మోసుకుపోయి అప్పగిస్తానన్నారు. నీ దగ్గరే ఉంచు, నీవు నమ్మదగినవాడివి అన్నారు ఖాజీగారు. ముందు తూచి తీసుకోండి, మా నాన్నగారి జిమ్మా తీరిపోవాలి, ఆ తరువాత మీ ఇష్టం అన్నారు హమ్మాద్. తూకం వేయడానికే రోజులు పట్టింది. తూకం పూర్తి అయిన రోజున హమ్మాద్ ఎక్కడికో పోయి దాక్కున్నారు. ఖాజీగారు ఆ సొమ్మును మరొకరికి అప్పగించారని తెలిసిన తరువాతనే మళ్ళీ ఊళ్ళో కనిపించారు.