నాలుగవ స్థానం

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగు. పెద్దపల్లి నుండి కరీంనగర్ దాకా పరుగెత్తినా ఇంకా కొంత దూరం మిగిలే ఉంటుంది!

1896లో స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టిన డంకీ రైట్ ఈ పరుగునే ఎంచుకున్నాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో పందెం పూర్తి చేయలేకపోయాడు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇరవయ్యవవాడు. ముప్పై దాటిన మనిషి ఇక చాలనుకుంటే ఎవరు తప్పుపడతారు చెప్పండి? కాని 1930లో కెనడాలోని హామిల్టన్‌లో జరిగిన మొట్టమొదటి బ్రిటిష్ సామ్రాజ్య క్రీడల్లో మారథాన్ స్వర్ణం ఆయనదే.

నా మనసు మాత్రం 1932 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్ దగ్గరే ఆగిపోతుంది. అప్పటికి రైట్‌కు 35 ఏళ్లు. పందెం చివరి భాగంలో కొంతసేపు అందరికన్నా ముందున్నది ఆయనే. అర్జెంటీనా యువకుడు జబాలా దాటిపోయాడు. తరువాత బ్రిటన్‌కే చెందిన ఫెర్రిస్, ఫిన్లండ్‌వాడు తోయివోనెన్ కూడా దాటిపోయారు. జబాలా గెలిచిన 65 సెకన్లకు రైట్ గీత చేరాడు. రెండున్నర గంటలకు పైగా పరుగెత్తితే, ఒక్క నిమిషం వెలితి! నాలుగవవానికి పతకం ఉండదు. మీ ఇంట్లో నాలుగో ర్యాంకు తెచ్చుకొని ముఖం వేలాడేసుకున్న పిల్లవాడుంటే ఈ సంగతి చెప్పండి.

తరువాత ఏమైందని అడుగుతాడు. రెండేళ్లకు, 37వ ఏట, రైట్ లండన్‌లో మళ్లీ పందేనికి నిలబడ్డాడు. ఈసారి కాంస్యం.