బందరు కన్న ఆచార్యుడు: బ్రహ్మర్షి రఘుపతి వెంకటరత్నం నాయుడు

పూర్వం దివిసీమలో పిల్లవానికి ఇంగ్లీషు చదువు చెప్పించదలచిన తండ్రి వానిని బందరుకు పంపవలసి వచ్చేది. అవనిగడ్డ నుండి గాని, చుట్టుపట్ల గ్రామాల నుండి గాని బయలుదేరిన కుర్రవాడు కృష్ణ పాయను పడవ మీద దాటి, బందరు చేరి, బంధువుల ఇంటనో పూటకూటి ఇంటనో తలదాచుకొని చదువు సాగించేవాడు. అంతవరకు వాడెరిగిన చదువు వీధిబడి చదువు. అక్కడి క్రమశిక్షణకు బెత్తం, గోడకుర్చీ, గుంజిళ్లు, తొడపాశం, అన్నిటికీ మించి కోదండం సాధనాలు. పంతులు కంటి ఎదుట ఉన్నంతసేపూ బడి కిక్కురుమనేది కాదు. ఆయన కాస్త కునుకు తీస్తే చాలు, అది సంతగా మారేది. పట్నం చేరిన కుర్రవానికి కోదండం బాధ తప్పింది, నిజమే. కాని పదహారు పదిహేడేళ్ల వయసులో తల్లిదండ్రుల కనుచూపు మేర దాటి ఉన్నవానిని దారిలో నిలిపేదెవరు? 1890 దశకం ఉత్తరార్ధంలో బందరు నోబుల్ కళాశాలలో చదివిన యువకులకు ఈ ప్రశ్నకు సమాధానంగా ఒక అధ్యాపకుడు లభించాడు. ఆయనే రఘుపతి వెంకటరత్నం నాయుడు.

నాయుడుగారు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి అప్పయ్యనాయుడు సైన్యంలో సుబేదారు. ఆయన కొలువు ఉత్తరాది దండు పట్టణాలలో కావడంతో కుమారుని బాల్యం కూడా అక్కడే గడిచింది. ఆ విధంగా తెలుగుతో పాటు హిందీ, ఉర్దూ, పారశీక భాషల పరిచయం ఆయనకు చిన్ననాడే కలిగింది. పిదప హైదరాబాదులోను, తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలోను విద్యాభ్యాసం జరిగింది.

మద్రాసులో ఆయనకు గురువైనవాడు ఆ కళాశాల అధ్యక్షుడు విలియం మిల్లరు. తరగతిలో పాఠం చెప్పి గంట కొట్టగానే తన పని తీరిందనుకొనే ఉపాధ్యాయుడు కాడు మిల్లరు. విద్యార్థులు ఎక్కడ ఉంటున్నారు, ఏమి తింటున్నారు, సాయంకాలం వేళ ఎవరితో తిరుగుతున్నారు అన్నవి కూడా కళాశాల పట్టించుకోవలసిన విషయాలేనని ఆయన భావించాడు. వసతి గృహాలు, విద్యార్థి సంఘాలు ఈ భావన నుండి పుట్టినవే. నాయుడుగారి తరువాతి జీవితంలో ఈ గురువు పోలికలు అడుగడుగునా కనిపిస్తాయి. మతవిషయంలో మాత్రం శిష్యుడు గురువు బాటను అనుసరించలేదు. క్రైస్తవ కళాశాలలో చదివినవాడు బ్రహ్మసమాజంలో చేరాడు.

1889లో భార్య మరణించింది. ఆయనకు అప్పటికి ముప్పై ఏళ్లు నిండలేదు. మరల వివాహం చేసుకోలేదు. నాటి నుండి తెల్లని దుస్తులే ధరించారు. ఆ కారణంగానే లోకం ఆయనను శ్వేతాంబర ఋషి అని పిలిచింది. ఈ సంగతిని కేవలం గృహవిషయంగా చూడరాదు. విద్యార్థులకు ఏ నిగ్రహాన్ని బోధించాడో దానిని గురువు తాను ఆచరిస్తున్నట్లు ఆ తెల్లబట్టలు ప్రతిదినం తరగతి ముందు నిలిచి చెప్పేవి. పిల్లల కళ్లు ఉపాధ్యాయుని నోటికంటె ముందు ఆయన నడతను చదువుతాయి. పొగాకు మానమని చెప్పే మాస్టరు జేబులో చుట్ట ఉంటే, ఆ పాఠం ఏమవుతుందో తరగతిలో నిలిచినవారికి వేరే చెప్పనక్కరలేదు.

నోబుల్ కళాశాల అప్పటికే యాభై ఏళ్ల చరిత్ర కలది. రాబర్టు నోబుల్ అనే ఆంగ్ల మిషనరీ 1843లో ప్రారంభించిన పాఠశాల అది. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం స్వీకరించగా పట్టణం కల్లోలమై బడి దాదాపు ఖాళీ అయింది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన బందరులో ముప్పైవేల ప్రాణాలను పొట్టన పెట్టుకొన్నది. ఇన్ని తట్టుకొని నిలిచిన ఆ విద్యాసంస్థలో నాయుడుగారు పాఠాలు చెప్పిన కాలం కొద్ది ఏళ్లు మాత్రమే. అయినా ఆ కొద్ది ఏళ్ల పంట విశేషమైనది. దివి తాలూకా ముట్నూరు నుండి వచ్చిన కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కోపల్లె హనుమంతరావు, ఈ ముగ్గురూ అక్కడ ఆయన ప్రభావం పొందినవారే.

ముట్నూరి కృష్ణారావు పరీక్షలలో రాణించినవాడు కాడు, ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు. మార్కులను బట్టి మాత్రమే శిష్యులను లెక్కించే ఉపాధ్యాయుని పట్టీలో ఆయన పేరు అడుగున ఉండవలసినదే. కాని 1902లో పుట్టిన కృష్ణాపత్రికకు 1907 నుండి సంపాదకుడై, 1945లో మరణించేవరకు దానిని నడిపి, ఆంధ్రదేశమంతటా చదివించినవాడు ఆయనే. హనుమంతరావు ఉద్యోగపు ఆశ వదలి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పడానికి ముందు నిలిచాడు. పట్టాభి సంగతి దేశమెరుగును. ఒక్క తరగతిగది నుండి ఒక పత్రిక, ఒక విద్యాలయం, ఒక కాంగ్రెసు అధ్యక్షుడు!

1899లో నాయుడుగారు సికిందరాబాదు మహబూబ్ కళాశాలకు ప్రిన్సిపాలుగా వెళ్లారు. సుమారు ఐదేళ్ల పిదప కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాల పగ్గాలు చేపట్టి, 1919లో విరమించేవరకు అక్కడే ఉన్నారు. ఆయన పద్ధతి పూర్తిగా రూపు దాల్చినది కాకినాడలోనే.

అధికారం ఉన్నచోట శిక్షించడం సులభం. 1907లో బిపిన్ చంద్రపాలు ఉపన్యాసాల పిదప రాజమహేంద్రవరంలో విద్యార్థులు వందేమాతరం పతకాలు ధరించినందుకు ప్రిన్సిపాలు మార్క్ హంటరు గాడిచర్ల హరిసర్వోత్తమరావును, మరికొందరిని వెడలగొట్టాడు. ఆ శిక్షతో గాడిచర్ల అణగలేదు సరికదా, దేశనాయకుడైనాడు. నాయుడుగారు రాజకీయవాది కారు; ప్రభుత్వం ఇచ్చిన బిరుదులను స్వీకరించినవారు, 1924లో సర్ అయినవారు. కాని విద్యార్థిని అదుపులో పెట్టడమంటే బయటికి నెట్టడమని ఆయన ఎన్నడూ భావించలేదు. పైగా, అంతవరకు బయటనే ఉన్నవారిని లోపలికి తెచ్చారు. స్త్రీలకు కళాశాల తలుపులు తెరిచారు. హరిజన విద్యార్థులకు వసతి గృహం ఏర్పడింది. అనాథ బాలలకు శరణాలయం వెలసింది. వీటికి పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దరు ఔదార్యం వెన్నుదన్నుగా నిలిచింది. నాయుడుగారి జీతంలో పెద్దభాగం బీద విద్యార్థుల ఫీజులకు, తిండికి ఖర్చయ్యేది. తిండిలేని కుర్రవాడు తరగతిలో అలజడి చేస్తే వానికి ముందు అన్నం పెట్టాలి గదా! ఈ చిన్న విషయం గ్రహించని శిక్షణశాస్త్రం ఎంత పెద్దదైనా వ్యర్థం.

ఆయన పట్టుదల మిక్కిలి కఠినమైన విషయం ఒకటి కలదు. పెండ్లిళ్లలో, ధనవంతుల విందులలో భోగం మేళాలు పెట్టించడం ఆనాటి మర్యాద. విద్యార్థులు అటువంటి సభలకు పోరాదని, మద్యం ముట్టరాదని ఆయన ఉద్యమమే నడిపారు. యువకుల నడత బాగుపడిన మాట వాస్తవం. కాని ఆ మేళాల మీద బ్రతికిన స్త్రీల మాట? క్షేత్రయ్య పుట్టిన మొవ్వ బందరుకు దూరం కాదు. ఆయన పదాలను తరతరాలుగా నోట నిలుపుకొన్న కళావంతుల కుటుంబాలు ఈ ఉద్యమం వల్ల గౌరవంతో పాటు జీవనాధారాన్ని కూడా కోల్పోయాయి. పురుషుని శీలానికి కంచె కట్టే ఆతురతలో కంచె అవతల ఉన్నవారి కడుపు సంగతి సంస్కర్తలు తగినంతగా ఆలోచించలేదనే చెప్పాలి.

శిష్యులందరూ ఒకే మూసలో పోసినట్లు రాలేదు. కాకినాడలో ఆయన ప్రభావంలో బ్రహ్మసమాజం వైపు మొగ్గినవారిలో దేవులపల్లి కృష్ణశాస్త్రి, గుడిపాటి వెంకటచలం ఉన్నారు. ఒకరు భావకవిత్వానికి పతాక అయినారు. రెండవవారు 1927లో మైదానం వ్రాసి, గురువుగారు కట్టిన శీలపు గోడలన్నిటినీ ప్రశ్నించారు. దీనిని గురువు ఓటమి అనేవారు కొందరుండవచ్చు. అయితే కులాన్ని కాదనగల ధైర్యం, లోకనిందకు జంకని తెగువ చలానికి తొలుత అలవడినది బ్రహ్మసమాజపు రోజులలోనే. ఆ తెగువ చివరకు గురువు బోధ మీదికే తిరిగింది. బెత్తంతో వంచిన పిల్లవాడు బెత్తం లేనప్పుడు మాత్రమే ఎదురు తిరుగుతాడు. ఆలోచించడం నేర్చినవాడు ఎప్పుడైనా ఎదురు తిరగగలడు. ఆ ప్రమాదం అటువంటి బోధనలోనే ఉన్నది.

1925లో నాయుడుగారు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులై 1928 వరకు ఆ పదవిలో ఉన్నారు. ఆ మధ్యనే, 1926లో, ఆంధ్రులకు ప్రత్యేక విశ్వవిద్యాలయం ఏర్పడింది. పదవి ముగిసిన తరువాత ఆయన మకాం కాకినాడే. శరణాలయపు పిల్లలు, బ్రహ్మమందిరంలో ప్రార్థనలు, చూడవచ్చే పూర్వ విద్యార్థులు, ఇవే ఆయన చివరి సంవత్సరాలను నింపాయి. 1939 మే 26వ తేదీన ఆయన కన్నుమూశారు. అప్పటికి ముట్నూరి కృష్ణారావు బందరులో కృష్ణాపత్రికకు సంపాదకీయాలు వ్రాస్తూనే ఉన్నారు.