ఒక బొమ్మ, ఏడు పతకాలు, నూరేళ్లు

ఐర్లాండ్ తన సొంత పేరు మీద గెలుచుకున్న తొలి ఒలింపిక్ పతకం పరిగెత్తితే వచ్చింది కాదు, దూకితే వచ్చిందీ కాదు. బొమ్మ వేస్తే వచ్చింది. 1924 పారిస్ క్రీడల్లో జాక్ యేట్స్ అనే చిత్రకారుడికి వెండి పతకం ఇచ్చారు. ఆ రోజుల్లో ఒలింపిక్స్‌లో చిత్రలేఖనానికీ సాహిత్యానికీ కూడా పోటీలుండేవి. 1948 దాకా నడిచాయి. జాక్ వేసింది డబ్లిన్ నడిబొడ్డున లిఫీ నదిలో 1920 నుంచి జరుగుతున్న ఈత పందెం. చిత్రమేమిటంటే ఆ బొమ్మలో ఈదేవాళ్ల కన్నా చూసేవాళ్లే ఎక్కువ. గట్టు మీద ఒకరి భుజాల మీదుగా ఒకరు వంగి చూస్తుంటారు. బొమ్మ ముందు నిలబడితే మనమూ ఆ గుంపులో కలిసిపోయి, మెడ సాచి నీళ్లలోకి చూస్తాం. ఇప్పుడది డబ్లిన్‌లోని జాతీయ చిత్రశాలలో ఉంది. జాక్ అన్నగారు డబ్ల్యూ. బి. యేట్స్‌కు అంతకు ముందు ఏడాదే నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే ఇంట్లో వెంటవెంటనే ఇన్ని శుభవార్తలు ఏ తండ్రికి దొరుకుతాయి! పాపం, ఆ తండ్రి వీటిని చూడకుండానే 1922లో పోయాడు.

కళల పతకాలను ఇప్పుడు అధికారిక పట్టికలో కలపరు. అది లెక్కలవాళ్ల గొడవ. పండుగ చేసుకునేవాళ్లు మాత్రం ఆ బొమ్మ దగ్గరే మొదలుపెట్టాలి. స్వతంత్ర ఐర్లాండ్ తొలిసారి ఒలింపిక్ మైదానంలో అడుగుపెట్టిన నూరేళ్లకు, 2024లో, ఆటలు మళ్లీ అదే పారిస్‌కు వచ్చాయి. ఆ దేశం నాలుగు స్వర్ణాలు, మూడు కంచు పతకాలు పట్టుకెళ్లింది. ఇంతకు ముందెన్నడూ ఇన్ని రాలేదు. 2022 లెక్కల్లో అక్కడి జనాభా 51 లక్షల పైచిలుకు; 2011 జనగణనలో మన ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాది కూడా దాదాపు అంతే. అదే పారిస్ నుంచి మొత్తం భారతదేశం తెచ్చుకున్నవి ఆరు. ఇది మనల్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. అభినందనకు కాస్త కొలత ఉండాలని చెబుతున్నాను.

అయితే నాకు పతకాల సంఖ్య కన్నా, ఆ జెండా కింద ఈ నూరేళ్లలో ఎవరెవరు వచ్చి నిలబడగలిగారన్నదే పెద్ద ముచ్చట. అంతకు ముందు సంగతి చూడండి. ఐర్లాండ్ ఇంకా బ్రిటన్ ఏలుబడిలో ఉండగా, 1906లో ఏథెన్స్ క్రీడలకు అక్కడి వాటర్‌ఫోర్డ్ నుంచి పీటర్ ఓకానర్ వెళ్లాడు. లాంగ్ జంప్‌లో రెండో స్థానం వస్తే, ఆయన గౌరవార్థం ఎగిరింది బ్రిటన్ జెండా. ఒళ్లు మండిపోయింది ఓకానర్‌కు. కోటు సర్దుకుని ఊరుకోలేదు, జెండా కర్ర ఎక్కేశాడు. వెంట తెచ్చుకున్న ఆకుపచ్చ జెండాను పైన ఊపుతుంటే, ఎవరూ పైకి రాకుండా సాటి క్రీడాకారుడు కాన్ లేహీ కింద కాపలా కాశాడు. తర్వాత ట్రిపుల్ జంప్‌లో స్వర్ణం కూడా ఆయనదే. 1924 నాటికి దేశం తనదైంది. కానీ అంతర్యుద్ధం ముగిసి ఏడాదే. నిన్నటిదాకా ఒకరినొకరు కాల్చుకున్న ఊళ్ల నుంచి జట్టు కట్టి పారిస్ పంపారు. వాళ్ల ఫుట్‌బాల్ జట్టు బల్గేరియాను 1-0తో ఓడించి, తర్వాత డచ్చివాళ్ల చేతిలో అదనపు సమయంలో ఓడింది. అలాంటి ఏడాదిలో అసలు వెళ్లడమే గెలుపు.

ఇక 1932 ఆగస్టు 1. లాస్ ఏంజెలెస్. ఈ కథ చెప్పకుండా ఐరిష్ క్రీడలకు అక్షింతలు వేయడం కుదరదు. శ్రీలంకలో పుట్టిన బాబ్ టిస్‌డాల్ అనే కుర్రాడు 400 మీటర్ల హర్డిల్స్‌లో దిగాడు. అంతకు ముందు ఆ పరుగులో అతనికున్న అనుభవం వేళ్ల మీద లెక్కపెట్టేంత. అయినా స్వర్ణం కొట్టాడు. చివరి హర్డిల్ తన్నడం వల్ల అప్పటి నిబంధనల ప్రకారం ప్రపంచ రికార్డు అతనికి దక్కలేదు, వెనక వచ్చిన అమెరికావాడికి దక్కింది! అదే సమయంలో, అదే మైదానంలో, కార్క్ ప్రాంతపు డాక్టరు పాట్ ఓకలహన్ హ్యామర్ త్రోలో అవస్థ పడుతున్నాడు. 1928లో దేశానికి మొట్టమొదటి స్వర్ణం తెచ్చింది ఆయనే. కానీ ఇప్పుడు బూట్ల మేకులు పొడవు. గడ్డి నేలకు చేయించుకున్నవి, ఇక్కడి గట్టి నేల మీద కాలు తిరగడం లేదు. విసురుకూ విసురుకూ మధ్య కూర్చుని మేకులు అరగదీసుకున్నాడట. అప్పుడే గెలిచి వచ్చిన టిస్‌డాల్ కూడా వచ్చి ఓ చెయ్యి వేశాడని చెబుతారు. ఆఖరి విసురుకు స్వర్ణం. గంట వ్యవధిలో ఒక చిన్న దేశానికి రెండు స్వర్ణాలు.

ఆడవాళ్ల దారి ఇంత సరదాగా లేదు. 1924 జట్టులో ఇద్దరు మహిళలు టెన్నిస్ ఆడిన మాట నిజమే. కానీ 1934లో, స్త్రీ పురుషుల పోటీలు ఒకే మైదానంలో తగవని కాథలిక్ మతగురువు జాన్ చార్లెస్ మెక్‌క్వేడ్ అడ్డం తిరిగితే, క్రీడా సంఘం తోక ముడిచింది. 1956 మెల్‌బోర్న్‌కు మేవ్ కైల్ పరుగు పందేలకు బయలుదేరితే, భర్తనూ చిన్నపిల్లనూ వదిలి ఎక్కడికీ ప్రయాణమని పత్రికలకు ఉత్తరాలు రాశారు. ఆమె వెళ్లింది, ఆ తర్వాత మరో రెండు ఒలింపిక్స్‌కూ వెళ్లింది. అదే మెల్‌బోర్న్‌లో రోనీ డిలేనీ 1500 మీటర్లలో స్వర్ణం గెలిచి మోకాళ్ల మీద కూలబడి ప్రార్థన చేస్తే దేశం పరవశించిపోయింది. ఆయన్నెవరూ ఇంటి సంగతి అడగలేదు. లిఫీ ఈతలోకి ఆడవాళ్లను రానిచ్చింది 1991లో. ఆడపిల్లల బాక్సింగ్ బౌటుకు ఐర్లాండ్‌లో తొలిసారి అధికారిక అనుమతి దొరికింది 2001లో. అందులో దిగిన పదిహేనేళ్ల కేటీ టేలరే 2012 లండన్‌లో స్వర్ణం గెలిచింది.

ఆ వరసలోదే కెలీ హారింగ్టన్. డబ్లిన్‌లో ఒక మానసిక వైద్యశాలలో పారిశుద్ధ్య పని చేసుకుంటూ బాక్సింగ్ సాధన చేసిన మనిషి. టోక్యోలో గెలిచాక కూడా ఆ పనిలోకే తిరిగి వెళ్లింది. పారిస్‌లో మళ్లీ స్వర్ణం. వరసగా రెండు ఒలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చిన ఐరిష్ బాక్సర్ ఆమెకు ముందు లేరు. గెలిచి, రింగులోంచి దిగి, పాట ఎత్తుకుంది. అదే 2024 మార్చిలో, స్త్రీ స్థానం ఇల్లని ధ్వనించే 1937 నాటి రాజ్యాంగ వాక్యాన్ని మార్చబోతే ఓటర్లు కుదరదన్నారు. పాత మాట మీద మమకారం కాదు, కొత్త మాట డొల్లగా ఉందని చాలామంది కోపం. మొత్తానికి ఆ వాక్యం అక్కడే ఉంది, హారింగ్టన్ మాత్రం ఇంట్లో లేదు.

పారిస్ స్వర్ణాల్లో మరో రెండు సరిహద్దుకు అవతలి నుంచి వచ్చాయి. 800 మీటర్ల ఫ్రీస్టైల్‌లో డానియెల్ విఫిన్, జిమ్నాస్టిక్స్‌లో పామెల్ హార్స్ మీద రీస్ మెక్‌క్లెనహన్: ఇద్దరూ డౌన్ కౌంటీ వాళ్లు. అంటే బ్రిటన్ ఏలుబడిలోని ఉత్తర ఐర్లాండ్. అక్కడివాళ్లు ఐర్లాండ్, బ్రిటన్ రెండింటిలో ఏ జట్టుకైనా ఆడవచ్చు, కానీ ఆ ఎంపిక ఎప్పుడూ తేలిక కాదు. ఐర్లాండ్ తరఫున ఆడావు కనుక ఉత్తర ఐర్లాండ్ తరఫున కామన్వెల్త్ క్రీడలకు పనికిరావని 2022లో మెక్‌క్లెనహన్‌కు అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య చెప్పి, గొడవయ్యాక వెనక్కి తగ్గింది. పారిస్‌లో అతని చేతుల తిరుగుడు చూసినవాళ్లకు ఈ సరిహద్దు పంచాయితీ ఏదీ గుర్తుండి ఉండదు. ఇక స్లైగో అమ్మాయి మోనా మెక్‌షారీ 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కంచు తెచ్చింది. జాక్ యేట్స్ బాల్యం గడిచిందీ స్లైగోలోనే. ఈతగాళ్ల బొమ్మ వేసినవాడి ఊరివైపు నుంచి ఈతగత్తె రావడానికి నూరేళ్లు పట్టింది!

పతకం రాని ఒకరిని ఇక్కడ కూర్చోబెట్టాలి. నైజీరియా తల్లిదండ్రులకు డబ్లిన్‌లో పుట్టిన రాషిదాత్ అడెలెకే 400 మీటర్లలో నాలుగో స్థానం. రిలేలో కంచు వెంట్రుకవాసిలో జారిపోయింది. 2023 నవంబరులో వలసవాళ్ల మీద అక్కసుతో డబ్లిన్‌లో బస్సులు తగలబెట్టినవాళ్లున్నారు. ఆ మరుసటి వేసవిలో ఊరంతా టీవీల ముందు ఈ అమ్మాయి పేరు పెట్టి అరిచింది. ముంబై నుంచి వెళ్లిన డాక్టరు కొడుకు లియో వరాద్కర్ ప్రధాని పదవి వదులుకున్నదీ ఆ ఏడే. ఇక పారిస్ ప్రారంభోత్సవంలో సెన్ నది మీద పడవలో ఐర్లాండ్ జెండా పట్టుకున్న ఇద్దరిలో ఒకరైన సారా లావిన్ పోటీపడ్డ 100 మీటర్ల హర్డిల్స్‌లోనే మన విశాఖ జ్యోతి యర్రాజీ కూడా పరిగెత్తింది. డబ్లిన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఆ రోజు ఎవరి వైపు అరవాలో తేలక ఇబ్బందయ్యే ఉంటుంది.

చివరి చప్పట్లు స్కిబరీన్‌కు. కార్క్ కౌంటీ చివరన ఉన్న ఆ చిన్న ఊరి రోయింగ్ క్లబ్బు నుంచి వచ్చిన పాల్ ఓడొనవన్, ఫింటన్ మెకార్తీ తేలిక బరువు విభాగంలో టోక్యో స్వర్ణాన్ని పారిస్‌లోనూ నిలుపుకున్నారు. ఓడొనవన్ చదువుకు డాక్టరు; వరసగా మూడు ఒలింపిక్స్‌లో పతకం. ఆ విభాగంలో ఇద్దరి సగటు బరువు 70 కిలోలు దాటకూడదు. కానీ 2028లో, టిస్‌డాల్, ఓకలహన్ గెలిచిన లాస్ ఏంజెలెస్‌కే ఆటలు తిరిగి వెళ్లేటప్పటికి ఆ పోటీ ఉండకుండా ఎత్తేశారు. తూకం ముందు కడుపు మాడ్చుకునే రోజులు పోయాయి. నూరేళ్ల పండుగ శుభాకాంక్షలు అబ్బాయిలూ, ఇంకో నాలుగు ఆలుగడ్డలు వేసుకోండి.