పొగకు ఖరీదు కట్టిన పిగూ

మన దొరవారిసత్రం హాస్టల్ బోర్డు మీద సంక్షేమం అనే మాట రోజూ చూస్తూనే ఉంటాం. ఆ సంక్షేమం మీదే 1920లో పెద్ద అర్థశాస్త్ర గ్రంథం రాసిన ఆచార్యుడు ఆర్థర్ సెసిల్ పిగూ. ఆయన 1877లో ఇంగ్లాండులోని రైడ్ పట్టణంలో జన్మించారు. కేంబ్రిడ్జిలో మార్షల్ శిష్యుడు. ముప్పై ఏళ్లకే, 1908లో, గురువుగారి ఆచార్య పదవి ఆయనకు దక్కింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టలేదు, కానీ కాలేజీ సెలవుల్లో వెళ్లి అంబులెన్సు నడిపారు. కొండలెక్కడమంటే మహా ఇష్టం.

ఫ్యాక్టరీ పొగ ఊరి మీద పడితే ఉతికిన బట్టలే మళ్లీ ఉతకాలి. లాభం యజమానిది, చాకిరీ ఊరివాళ్లది. ఇలాంటి నష్టం చేసే వ్యాపారం మీద పన్ను వేయాలన్నారు పిగూ. పన్ను కట్టడం కన్నా పొగ తగ్గించుకోవడమే చవకైతే యజమాని తానే తగ్గిస్తాడు.

1959లో ఆయన కన్నుమూశారు. కృష్ణపట్నం బొగ్గు కరెంటు కేంద్రాల నుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువు మసిలా బట్టల మీద కనబడదు, అయినా భూమిని వేడెక్కిస్తుంది. ఆ వాయువు మీద 1990లో ఫిన్లాండ్ పన్ను వేసింది. 2005లో ఐరోపా ఇంకో దారి పట్టింది: మొత్తానికి హద్దు పెట్టి పర్మిట్లు ఇచ్చింది. ఎక్కువ తగ్గించినవాడు మిగిలినవి అమ్ముకోవచ్చు.

మనవాళ్లూ అమ్మారండీ! అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో గిరిజన మహిళలు డీజిలుకు బదులు కానుగ నూనె వాడకంతో తగ్గే 147 టన్నుల లెక్కను 2003లో ప్రపంచ బ్యాంకుకు అమ్మారు. వచ్చింది 645 డాలర్లు. టన్నుకు నాలుగున్నర డాలర్లయినా గిట్టలేదు.