జెఫ్ రాస్కిన్

జెఫ్ రాస్కిన్ (మార్చి 9, 1943 - ఫిబ్రవరి 26, 2005) అమెరికా దేశానికి చెందిన కంప్యూటరు నిపుణుడు, రచయిత. యాపిల్ సంస్థలో మాకింటోష్ ప్రాజెక్టును 1979లో ప్రారంభించినవాడు ఇతడే. మనిషి స్వభావమునకు అనుగుణముగా యంత్రమే రూపొందాలని జీవితాంతము వాదించాడు.

బాల్యము, విద్యాభ్యాసము

రాస్కిన్ న్యూయార్క్ నగరములో జన్మించాడు. స్టోనీబ్రూక్‌లోని న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయములో గణితము, భౌతికశాస్త్రము, తత్త్వశాస్త్రము, సంగీతము చదివాడు. 1967లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయము నుండి కంప్యూటర్ సైన్సులో స్నాతకోత్తర పట్టా పొందాడు. యంత్రపు వేగము కంటె వాడేవారి సౌలభ్యము ముఖ్యమన్న భావన ఈయన సిద్ధాంత వ్యాసములోనే కనిపిస్తుంది. కంప్యూటరు కాలము మిక్కిలి ఖరీదైన ఆ రోజులలో ఇది వింతగా తోచిన ఆలోచన. తరువాత శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో కళలు, కంప్యూటరు బోధించాడు. 1974లో ఆ ఉద్యోగమును వదిలివేశాడు.

యాపిల్ సంస్థలో

యాపిల్-2 కంప్యూటరుకు వాడుక పుస్తకము వ్రాయడము ద్వారా ఈయనకు ఆ సంస్థతో పరిచయము కలిగింది. 1978 జనవరిలో ప్రచురణల విభాగాధిపతిగా చేరాడు. వాడుక పుస్తకములు వ్రాసేవానికి యంత్రములోని లోపములు ముందుగా తెలుస్తాయి. ఒక పనిని వివరించడానికి పేజీలకు పేజీలు అవసరమైతే, తప్పు పాఠకునిది కాదు, యంత్రపు రూపకల్పనదే అని రాస్కిన్ గ్రహించాడు.

వెయ్యి డాలర్ల లోపు ధరకు, సామాన్యులెవరైనా పెట్టె విప్పి వెంటనే వాడుకోగల కంప్యూటరును 1979లో ప్రతిపాదించాడు. తనకు ఇష్టమైన ఒక రకము ఆపిలు పండు పేరును, అక్షరములు కొద్దిగా మార్చి, దానికి పెట్టాడు. బిల్ అట్కిన్సన్, బరెల్ స్మిత్ వంటి ప్రతిభావంతులను గుర్తించినవాడు కూడా ఈయనే.

1981లో స్టీవ్ జాబ్స్ ఈ ప్రాజెక్టును తన అధీనములోనికి తీసుకున్నాడు. అభిప్రాయభేదముల వలన రాస్కిన్ 1982లో సంస్థను విడిచిపెట్టాడు. 1984 జనవరి 24న విడుదలైన మాకింటోష్ ధర 2,495 డాలర్లు. అందులోని మౌసు, బొమ్మల ప్రాధాన్యము రాస్కిన్ ఊహించిన రూపమునకు భిన్నమైనవి. పేరు నిలిచింది కాని, యంత్రము ఆయనది కాలేదు.

కానన్ క్యాట్

తన ఆలోచనలను నిరూపించుకొనుటకు రాస్కిన్ ఇన్ఫర్మేషన్ అప్లయన్స్ అనే సంస్థను స్థాపించాడు. దాని కృషి ఫలితముగా 1987లో కానన్ క్యాట్ అనే యంత్రము వెలువడింది. ఇందులో మౌసు లేదు, బొమ్మలు లేవు, ఫైళ్ళకు పేర్లు పెట్టే పని లేదు. వ్రాసినదంతా ఒకే పొడవైన చుట్టవలె ఉంటుంది. స్పేస్ బారు క్రింద ఉన్న ప్రత్యేక మీటను నొక్కి ఉంచి, కావలసిన మాటలోని అక్షరములను టైపు చేస్తే కర్సరు నేరుగా అక్కడికి చేరుతుంది. సుమారు 20,000 యంత్రములు అమ్ముడైనప్పటికి, కొద్ది నెలలలోనే దాని ఉత్పత్తి ఆగిపోయింది.

సిద్ధాంతములు

2000లో ప్రచురితమైన ది హ్యూమేన్ ఇంటర్‌ఫేస్ ఈయన ప్రధాన గ్రంథము. మనిషి ధ్యాస ఒక సమయములో ఒకే విషయముపై నిలుస్తుందన్నది దీనికి పునాది. అందులోని ముఖ్యాంశములు:

* మోడ్‌లు: ఒకే మీట వేర్వేరు స్థితులలో వేర్వేరు ఫలితములు ఇస్తే పొరపాట్లు తప్పవు. క్యాప్స్ లాక్ ఇందుకు ఉదాహరణ. దాని దీపము వెలుగుతున్నా, వ్రాసేవాని ధ్యాస వ్రాతపైనే ఉంటుంది. షిఫ్ట్ మీటను వ్రేలితో నొక్కి ఉంచాలి కనుక ఆ స్థితి మరపునకు రాదు.
* హెచ్చరికలు: చెరిపివేయాలా అని ప్రతిసారి అడిగితే, అవును అని నొక్కడము కూడా అలవాటైపోతుంది. కాబట్టి ప్రశ్న అడగడము కంటె, చేసిన పనిని వెనుకకు మరల్చే సౌకర్యము ఇవ్వడము మేలు.
* వాడుకరి శ్రమ: వాడుకరి చేసిన పనికి యంత్రము వలన గాని, దాని నిర్లక్ష్యము వలన గాని హాని కలుగరాదు. అవసరమైన దానికంటె అతని కాలము వృథా కారాదు.
* సహజత్వము: సహజమైనదని జనులు మెచ్చుకొనే ఇంటర్‌ఫేస్ చాలావరకు వారికి ముందే పరిచయమైనదే. 1994లో వ్రాసిన వ్యాసములో ఈ సంగతి వివరించాడు.

వ్యక్తిగత జీవితము, మరణము

రాస్కిన్ సంగీతజ్ఞుడు. నమూనా విమానములు తయారు చేయడములోను ఆసక్తి కలవాడు. చివరి రోజులలో ఆర్కీ అనే సాఫ్ట్‌వేరు రూపకల్పనలో నిమగ్నుడై ఉండగా, క్లోమగ్రంథి క్యాన్సరుతో కాలిఫోర్నియాలోని పసిఫికాలో తన 61వ యేట మరణించాడు.

ప్రభావము

ఈయన కుమారుడు అజా రాస్కిన్ కూడా ఇంటర్‌ఫేస్ రూపకర్తే. 2006లో అజా రూపొందించిన అంతులేని స్క్రోలింగ్ పద్ధతి పేజీ మార్చే శ్రమను తగ్గించింది. కాని అది జనుల కాలమును హరించే సాధనముగా మారినదని తరువాత ఆయనే విచారము వెలిబుచ్చాడు. వాడుక సులభమైతే చాలదు, వాడుకరి కాలమును కూడ గౌరవించాలన్న రాస్కిన్ నియమము ప్రాముఖ్యము ఇక్కడ తెలుస్తుంది.