నోటు మీద లేని మన పట్టాభి గారు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరగానే మా మనవడి ప్రశ్న గుర్తుకొచ్చింది.

మొన్న వేసవిలో బొంబాయిలో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, ఫోర్టులో రిజర్వు బ్యాంకు వారు 2004లో తెరిచిన డబ్బుల మ్యూజియానికి వాణ్ణి తీసుకెళ్ళాను. 1938 నోటు మీద ఆరో జార్జి, 1949 రూపాయి నోటు మీద అశోకుని సింహాలు, 1969 శతజయంతి నోట్ల మీద మొదటిసారిగా గాంధీగారు - ఇలా వాడికి కథ చెబుతున్నాను. తాతయ్య బ్యాంకు పెట్టినాయన ఏ నోటు మీద ఉన్నాడని అడిగాడు. నోటు మీద లేరు, 1997లో తపాలా బిళ్ళ మీద వచ్చారన్నాను. వాడు ఒప్పుకోలేదు. తిరుగు దారిలో అంతా చెప్పాల్సి వచ్చింది.

డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1880 నవంబరు 24న మన గుండుగొలనులో పుట్టారు. మనం ఉద్యోగాలు చేసిన రోజుల్లో అది పశ్చిమ గోదావరి, 2022 నుంచి ఏలూరు జిల్లా. బీద కుటుంబం. మద్రాసులో వైద్యం చదివి బందరులో ప్రాక్టీసు పెట్టారు. అది బాగా సాగుతుండగానే దేశం పని కోసం మానేశారు.

డాక్టరు గారికి బ్యాంకు ఎందుకంటారా? డెల్టాలో ధాన్యం పండినా, పెట్టుబడి కావాలంటే షావుకారు గుమ్మం ఎక్కాల్సిందే. 1906లో మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసి జనం దాచుకున్న సొమ్ము ముంచింది. మన సొమ్ము మన చేతుల్లో ఉండాలనే పట్టుదల అలాంటి కాలంలోంచి వచ్చింది. 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు. ఆపైన ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరై, 28న బందరులో పని మొదలుపెట్టింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు! 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు. తన సంస్థల్లో ఉత్తర ప్రత్యుత్తరాలు తెలుగులో సాగాలని ఆయన కోరిక. మేం చేరేనాటికి అంతా ఇంగ్లీషే అనుకోండి.

1939లో కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో సుభాష్ బోసు చేతిలో ఓడిపోయారు. ఆ ఓటమి తనదేనని గాంధీగారు చెప్పుకున్నారు. లోకానికి ఆ ఒక్క ముక్కే గుర్తుండిపోవడం నాకు బాధ. అహ్మద్‌నగరు కోటలో జైలు, 1948లో జైపూరు కాంగ్రెసుకు అధ్యక్షత, 1952 నుంచి 57 దాకా మధ్యప్రదేశ్ గవర్నరు పదవి ఎవరూ ఎత్తరు. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు.

బ్యాంకు 1980 ఏప్రిల్ 15న జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. లాక్‌డౌన్ రోజులు. ఆ ఉదయం బీరువాలోంచి పాత పాసుబుక్కు తీసి అట్ట మీది పేరు చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ కాఫీ పెట్టి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

ఇదంతా విని మనవడు నా జేబులోంచి వందనోటు లాక్కుని వెనక్కి తిప్పాడు. పట్టీలో పదిహేను భాషలు, కింది నుంచి రెండోది తెలుగు. బొంబాయిలో పెరిగినవాడు, అక్షరాలు వాళ్ళమ్మ నేర్పింది. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాడు.